సా లేని సంగీతం

కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఒక ధీమా ఉంటుంది. పాట ఎంత దూరం పోయినా వెనకాల తంబూరా సా పట్టుకునే ఉంటుంది. పాడేవాళ్ళు ఎక్కడెక్కడో తిరిగొచ్చి ఆ సా మీద వాలగానే సభలో తలలు వాటంతటవే ఊగుతాయి.

అలాంటి చెవితో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్‌ని వినడమంటే, మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే అక్కడ మెట్టు లేకపోవడం. పాశ్చాత్య సంగీతంలో తంబూరా లేదు గానీ, సా లాంటిది ఉంది. మోట్సార్ట్ అయినా బీథోవెన్ అయినా ఒక స్వరాన్ని ఇల్లు చేసుకుని బయల్దేరతారు, చివరికి ఆ ఇంటికే చేరతారు. 19వ శతాబ్దం ముగిసేసరికి వాగ్నర్, మహ్లర్ లాంటివాళ్ళ చేతుల్లో ఆ ప్రయాణాలు బాగా పొడుగైపోయాయి. ఇల్లు ఎటువైపుందో చాలాసేపు తెలియదు. షోన్‌బర్గ్ ఇంకో అడుగు వేసి, అసలు ఇల్లే లేకపోతే ఏమవుతుందో రాసి చూశాడు.

ఆ అడుగు పడింది 1908లో, వియన్నాలో. ఆ వేసవిలో ఆయన భార్య మటిల్డె, రిచర్డ్ గెర్స్ట్‌ల్ అనే చిత్రకారుడితో వెళ్ళిపోయింది. తర్వాత తిరిగొచ్చింది. నవంబర్‌లో గెర్స్ట్‌ల్ ఆత్మహత్య చేసుకున్నాడు, పాతికేళ్ళ వయసులో. షోన్‌బర్గ్ తన రెండో స్ట్రింగ్ క్వార్టెట్ పూర్తి చేసింది ఆ ఏడాదే. నాలుగు తీగవాద్యాల మధ్యలోకి మూడో భాగంలో ఉన్నట్టుండి ఒక స్త్రీ గొంతు వచ్చి చేరుతుంది. చివరి భాగంలో చాలాసేపు ఏ స్వరమూ ఇల్లు కాదు. దాన్ని ఆయన భార్యకే అంకితమిచ్చాడు. ఇంట్లో గొడవ వల్లే కొత్త సంగీతం పుట్టిందంటే మరీ తేలిక చేసినట్టవుతుంది. అది ఎప్పట్నుంచో వస్తున్న మార్పే. కానీ దీన్ని ఉత్త మేధావి ఆట అనేవాళ్ళకు ఈ సంగతి కూడా తెలియాలి.

వియన్నా ఊరుకోలేదు. ఆ క్వార్టెట్ తొలి కచేరీలోనే గోల. 1913 మార్చి 31న ఇంకా పెద్ద గోల. షోన్‌బర్గ్ నడిపిన కచేరీలో ఆయన శిష్యుడు ఆల్బన్ బెర్గ్ పాటలు వస్తుండగా నవ్వులు, అరుపులు, చెంపదెబ్బలు. పోలీసులొచ్చారు. ఆఖర్లో ఉన్న మహ్లర్ పాటలు వినిపించకుండానే కచేరీ ముగిసిపోయింది.

దీనికి షోన్‌బర్గ్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. 1918లో ఆయన ఒక ప్రైవేటు సంగీత సంఘం పెట్టాడు. అక్కడ ఈలలు వేయకూడదు, చప్పట్లూ కొట్టకూడదు. విమర్శకులకు ప్రవేశం లేదు. ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే రచనను మళ్ళీ మళ్ళీ వినిపిస్తారు. నచ్చిందా లేదా అని తేల్చేయాల్సిన తొందర లేకుండా ముందు వినండి అనడం. మూడేళ్ళు నడిచి, డబ్బుకి విలువ పడిపోతున్న రోజుల్లో ఆ సంఘం మూతపడింది.

1920ల మొదట్లో ఆయన పన్నెండు స్వరాల పద్ధతి తయారుచేశాడు. పన్నెండు స్వరస్థానాలనూ ఒక వరుసలో పెట్టాలి. అన్నీ వచ్చేదాకా ఏదీ మళ్ళీ రాకూడదు. ఆ వరుసను వెనక్కి తిప్పొచ్చు, తలకిందులు చేయొచ్చు, రెండూ కలిపి చేయొచ్చు. ఏ స్వరం నుంచైనా ఎత్తుకోవచ్చు. మొత్తం 48 రూపాలు. ఇదంతా లెక్కలే కదా, సంగీతమెక్కడ అని చాలామంది అడుగుతారు. మన 72 మేళకర్తలు కూడా లెక్కేనండీ. ఆ పట్టికలో ఒక గడి ఖరహరప్రియ. అందులో త్యాగరాజ కీర్తన వింటున్నప్పుడు ఎవరికైనా పట్టిక గుర్తొస్తుందా?

మా అమ్మమ్మ పొద్దున్నే శ్రుతి పెట్టె ఆన్ చేసి వంటింట్లో పని చేసుకునేది. పాడటానికి కాదు, ఊరికే. ఇల్లంతా ఆ ఒక్క స్వరం మీద ఆనుకుని ఉన్నట్టుండేది. ఆవిడ పోయాక కొన్ని నెలలు నేను ఏ రాగమూ వినలేకపోయాను. అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా సా మీద వాలడం అబద్ధంలా అనిపించేది. అప్పుడు నా హెడ్‌ఫోన్స్‌లో నిలిచింది బెర్గ్ వయొలిన్ కన్చెర్టో ఒక్కటే.

1935 ఏప్రిల్‌లో మానన్ గ్రోపియస్ అనే అమ్మాయి పోలియోతో చనిపోయింది. 18 ఏళ్ళు. మహ్లర్ భార్యగా ఉండిన అల్మాకు, ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్‌కు పుట్టిన కూతురు. బెర్గ్ కుటుంబానికి బాగా దగ్గరి పిల్ల. ఆయన రాస్తున్న ఒపెరా పక్కన పెట్టి, ఆ ఆగస్టుకల్లా కన్చెర్టో పూర్తి చేశాడు. మొదట్లో వయొలిన్ నాలుగు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి, వేలు పెట్టకుండా మోగుతాయి, శ్రుతి చేసుకుంటున్నట్టు. ఆయన ఎంచుకున్న వరుసలో ఆ నాలుగు స్వరాలూ ఉన్నాయి. వరుసలోని ఆఖరి నాలుగు స్వరాలు, బాహ్ కూర్చిన ఒక చర్చి కీర్తన ఎత్తుగడతో సరిగ్గా కలుస్తాయి. ఆ కీర్తన పేరుకి అర్థం 'ఇక చాలు'. చావుకి సిద్ధపడినవాడి మాట. రెండో సగంలో, అంత గోల తర్వాత, బాహ్ స్వరాలు మెల్లగా బయటికొస్తాయి. ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించినట్టుండదు. మొదట్నుంచీ ఆ లెక్కలోనే ఉన్నాయి.

ఆ డిసెంబర్ 24న బెర్గ్ కూడా పోయాడు. 50 ఏళ్ళు. పురుగు కుట్టిన పుండు ముదిరి రక్తం విషమైపోయింది. కన్చెర్టో తొలిసారి మోగింది మరుసటి ఏప్రిల్‌లో, బార్సిలోనాలో. రాసినవాడు దాన్ని కచేరీలో వినలేదు.

మీరూ వినండి, దాదాపు పాతిక నిమిషాలు. ఒక్కసారితో ఆపకండి. రెండోసారి వినేటప్పుడు బాహ్ ఎక్కడొస్తాడో తెలిసే ఉంటుంది, అయినా వచ్చేదాకా చెవి వెతుక్కుంటూనే ఉంటుంది. ఆఖర్లో వయొలిన్ బాగా పైకెక్కి ఒక స్వరం మీద నిలబడిపోతుంది. మొదట్లో విన్న ఆ శ్రుతి చేసుకునే చప్పుడు, ఈసారి వేరే తీగల మీద, మళ్ళీ ఒకసారి వినిపిస్తుంది.