రగలని యంత్రం

యంత్రం మనిషికి సేవకురాలే అయినా, మొరాయించిన నాడు గురువవుతుంది. సాఫీగా నడిచినంత కాలం దాని లోపల ఏముందో ఎవరూ అడగరు. ఆగిపోయిన మరుక్షణం ప్రతివారూ ఒక కారణం చెబుతారు.

హనుమకొండలో ఒక వానాకాలపు తెల్లవారుజామున అటువంటి సన్నివేశమే జరిగింది. కిరాయికి బండి నడిపి బతికే ఒక యువకుడు, ఒక కుటుంబాన్ని కాజీపేట జంక్షనుకు చేర్చవలసి ఉంది. అతనిది పాతకాలపు డీజిల్ బండి. దాని అప్పు వాయిదాలు ఇంకా తీరలేదు. తాళం తిప్పగానే ఇంజను గిరగిర తిరిగింది కాని అంటుకోలేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. రైలు తప్పిపోతుందన్న ఆందోళనతో ఆ కుటుంబం ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆనాటి మొదటి సంపాదన అతని కళ్లముందే వీధి మలుపు తిరిగింది.

చుట్టూ చేరినవారు సలహాలు కురిపించారు. బ్యాటరీ మార్చమన్నారొకరు. స్టార్టరు పోయిందన్నారొకరు. పంపు విప్పించక తప్పదనీ, వేలల్లో ఖర్చనీ మరొకరు భయపెట్టారు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, పనిచేస్తున్న భాగాల మీదనే నిందలు పడ్డాయి. ఇంతలో కబురందుకొని ఒక వృద్ధ మెకానిక్కు వచ్చాడు.

“కాకా, బ్యాటరీ మార్చాల్నా?” అని యువకుడు దీనంగా అడిగాడు.

“తిరుగుతున్నదాన్ని ఎందుకంటవు బిడ్డా? రగులుతలేదెందుకో చూడాలె” అన్నాడాయన.

ఆ మాటలో యంత్రశాస్త్ర సారమంతా ఉంది. ఒకప్పుడు కారు ఇంజనును చేతి హ్యాండిలుతో తిప్పవలసి వచ్చేది. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చి ఆ శ్రమను తప్పించింది. ఇంజనును నిమిషానికి సుమారు 200 సార్లు తిప్పడంతో స్టార్టరు ధర్మం తీరిపోతుంది. ఆపై నడక నిప్పుదే. పెట్రోలు ఇంజనులో ఆ నిప్పును స్పార్క్ ప్లగ్గు రాజేస్తుంది. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గట్టిగా నొక్కుకుపోయిన గాలి తానే కాగిపోగా, దానిలోకి చిమ్మిన ఇంధనం భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఈ సూత్రాన్ని 1897 నాటికి జయప్రదంగా నిరూపించాడు. కాబట్టి తగిన వేగంతో తిరిగే డీజిల్ ఇంజను రగలకపోతే విచారించవలసినవి ముఖ్యంగా మూడు: గాలి, ఒత్తిడి, ఇంధనం.

మెకానిక్కు యువకుణ్ణి తాళం తిప్పమని, తాను బండి వెనుక నిలబడి సైలెన్సరు వైపు చూశాడు. పొగ చూసి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆవిరిని పొగగా భ్రమించినవాడు లేని నిప్పును ఊహిస్తాడన్న హెచ్చరిక కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. డీజిల్ బండి ఈ రెంటికీ సాక్ష్యం. తిప్పుతున్నప్పుడు తెల్లని పొగ వస్తే అది చాలావరకు కాలని డీజిల్ ఆవిరే. అంటే ఇంధనం చేరుతున్నది కాని రగలడం లేదు. అసలు పొగే రాకపోతే ఇంధనమే చేరడం లేదని అనుమానించాలి. ఆనాడు పొగ రాలేదు.

“నిన్న ఏమన్న విప్పినవా?” అని ఆయన అడిగాడు.

యువకుడు తలవంచుకున్నాడు. కూలి మిగులుతుందని ముందునాటి సాయంత్రం డీజిల్ ఫిల్టరును తానే మార్చాడు. పైపు బిగించేచోట అరిగిన పాత వాషరునే మళ్లీ వేశాడు. ఆ సందులోంచి రాత్రంతా గాలి చొరబడింది. గొట్టంలోని డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోయింది.

మెకానిక్కు కొత్త వాషరు వేసి బిగించాడు. ఫిల్టరు మీది గాలి స్క్రూను కొంచెం వదులుచేసి, చేతిపంపును నొక్కసాగాడు. మొదట నురగ వచ్చింది. క్రమంగా బుడగలు తగ్గి స్వచ్ఛమైన డీజిలు ధార కట్టింది. స్క్రూ బిగించి తాళం తిప్పించగానే ఇంజను ఒకసారి దగ్గి, గుప్పున పొగ వదిలి, గంభీరంగా నడవసాగింది. పంపును విప్పనే లేదు. మారినది ఒక్క వాషరు.

నేటి వాహనాల తీరు వేరు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాలకు తగిన ఇంజన్లను కంప్యూటరు, సెన్సర్లు నడిపిస్తాయి. ఒక సెన్సరు మూగబోయినా ఇంజను తిరుగుతుంది గాని రగలకపోవచ్చు. స్కానరు లోపాన్ని అంకెలలో సూచిస్తుంది. అయినా ఆ అంకె విచారణకు ఆరంభమే కాని తీర్పు కాదు. ఉన్నదానిని ఉన్నదని గుర్తించి, లేనిదానిని ఒక్కొక్కటిగా వెదికే పద్ధతి మారలేదు.

డబ్బులివ్వబోయిన యువకుని చేతిని ఆపి, వాషరు ఖరీదు మాత్రమే తీసుకున్నాడా వృద్ధుడు. “విప్పుడు తప్పు కాదు బిడ్డా. విప్పిన సంగతి యాదిల పెట్టుకోకపోవుడు తప్పు” అని నవ్వి వెళ్లిపోయాడు. యువకుడు అరిగిన ఆ పాత వాషరును పారవేయలేదు. స్టీరింగు ముందు, నిత్యం కనిపించేచోట పెట్టుకున్నాడు.