చల్లటి ఎండ

"ఎండలో తిరగకండి" అని నేను చెప్పాను. విన్నాయన తు.చ. తప్పకుండా పాటించారు. అయినా చేతులు బొబ్బలెక్కాయి. భీమవరంలో కీమో ఎక్కించే డేకేర్ వార్డులో నర్సుగా చేరిన మూడో ఏట జరిగిందిది. ఆ రోజు నుంచి నేను ఆ మాట ఆ తీరులో ఎవరికీ చెప్పలేదు.

ఆయన పాలకోడేరు వైపు రొయ్యల రైతు. పెద్దపేగు కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక కేపెసిటబిన్ మాత్రలు వాడుతున్నారు. 14 రోజులు పొద్దునా సాయంత్రం, తిన్న అరగంటలోపు. ఆపైన వారం విరామం. డిసెంబరులో మూడో విడతకి వచ్చి, చొక్కా చేతులు ఇంకాస్త పైకి జరిపి చూపించారు. మోచేతి దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు. గీతకి పైన చామనఛాయ, కింద బొగ్గు నలుపు. చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. ముంజేతి మీద రెండు చోట్ల నీటి బొబ్బలు. మెడ వెనకా అదే వరస.

"మందు వేడి చేసిందండి సిస్టరుగారూ. సబ్జా గింజలు తాగుతున్నా, మజ్జిగ తాగుతున్నా, తగ్గట్లేదండి."

"ఎండలో ఉన్నారా బాబాయ్‌గారూ?"

"అబ్బే, ఇప్పుడు ఎండెక్కడిదండి? గట్టు మీద కూచుంటే చల్లగా గాలి. చెమట పడితే మీ మాట గుర్తొచ్చి ఇంటికెళ్ళిపోదామనుకున్నా. పట్టలేదండి."

తప్పు ఎక్కడుందో అప్పుడర్థమైంది. మన నోట ఎండంటే వేడి. చెమట పట్టాలి, కాళ్ళు కాలాలి, నోరెండాలి. రోహిణి కార్తెలో బయటికెళ్ళొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ చర్మాన్ని కాల్చేవి వెలుతురులో కలిసివచ్చే అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి ఆనవు, ఒంటికి వెచ్చగా తగలవు. చల్లగాలికి ఆగవు. పల్చటి మబ్బు పట్టినా చాలావరకు దిగుతాయి. చెరువు గట్టు మీదైతే పైనుంచి పడేవి కాక, నీళ్ళ మీంచి కొంత ఎదురు కొడతాయి.

కేపెసిటబిన్ ఒంట్లోకి వెళ్ళాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. కేన్సర్ కణాలు పెరగకుండా ఆపే ఆ మందు చర్మానికీ చేరుతుంది. మామూలు రోజుల్లో ఓర్చుకునే వెలుతురుని అప్పుడు చర్మం ఓర్చుకోలేదు. మన రంగుకి కొంత కాపుదల ఉన్నమాట నిజమే. అయితే ఈ మందుల ముందు ఆ కాపుదల చాలదు. పైగా తెల్లవాళ్ళ చర్మంలా ఎర్రగా కంది కనబడదు. ముందు మంట, బిగుతు, తర్వాత నలుపు. ఆ నలుపుని చూసి "వేడి చేసింది" అనుకుంటాం.

వెలుతురుతో పేచీ పెట్టే మందు ఇదొక్కటే కాదు. మెథోట్రెక్సేట్ అనే కేన్సర్ మందు సీసా చేతికొచ్చినప్పుడు నాకు మా ఊరు గుర్తొస్తుంది. దాన్ని తయారు చేసిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధకులకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తో బ్లడ్ కేన్సర్ పిల్లలు కొన్నాళ్ళపాటైనా తేరుకున్నారని అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువు. దీనికి ఒక విచిత్రమైన గుణముంది. కొన్నాళ్ళ కిందట ఎండకి కమిలి మానిన చోటు, ఈ మందు పడ్డాక మళ్ళీ కమిలినట్టు లేవొచ్చు. అందుకే ఈ మందు ఎక్కించే ముందు, ఈమధ్య ఎండకి ఒళ్ళు కమిలిందా అని తప్పకుండా అడుగుతాను. అదే లెడర్లీ నుంచి, సుబ్బారావు గారి హయాంలోనే, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చింది. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ని ఇప్పుడు కొందరు పేషెంట్లకి చర్మం మీద పొక్కులకి డాక్టర్లు రాసిస్తారు. అదీ వెలుతురుకి పడని మందే. ప్రాణం నిలిపే మందులివి. వాటి గుణం తెలుసుకుని మసలుకుంటే చాలు.

ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే ముందు వాళ్ళ రోజు అడుగుతాను. ఏ పని, ఎన్నింటికి, ఎక్కడ నిలబడి? ఆ రైతునీ అలాగే అడిగాను. రొయ్యలకి మేత రోజుకి నాలుగు సార్లు: ఆరింటికి, పదింటికి, రెండింటికి, మళ్ళీ సాయంత్రం. మధ్యలో మేత తిన్నాయో లేదో చెక్‌ట్రేలు లేపి చూడాలి. "పదింటిదీ రెండింటిదీ మీ అబ్బాయికి ఒప్పజెప్పండి, చెక్‌ట్రేలు కూడా" అన్నాను. ఆయనా, వెంట వచ్చిన కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు.

వెలుతురు గట్టిగా ఉండే వేళ తెలుసుకోవడానికి గట్టు మీద గడియారం అక్కర్లేదు. నీడ చాలు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఆ వెలుతురు గట్టిది, చూరు కిందకి వచ్చెయ్యాలి. నీడ పొడుగ్గా ఉన్నా చొక్కా చేతులు దించుకునే ఉండాలి.

క్రీములకంటే ముందు బట్ట. దాన్ని వెలుగుకి అడ్డంగా పట్టి చూస్తే, అవతలి వెలుగు కనిపించేంత పల్చనిది పనికిరాదు. చెమటకి తడిసిన పల్చటి నూలు బట్ట ఇంకా తక్కువ కాస్తుంది. ఈ పాఠం నాకు బాగా నేర్పింది ఉండి వైపు నుంచి వచ్చిన ఒక కూలీ అమ్మ. రొమ్ము కేన్సర్‌కి రేడియేషన్ పూర్తి చేసుకొచ్చింది. రేడియేషన్ పడిన చర్మాన్ని ఏళ్ళ తరబడి వెలుతురు తగలకుండా కప్పుకోవాలని చెబుతూ, నాట్లకి వంగితే మెడా వీపూ ఎలాగమ్మా అని నేనే సతమతమవుతున్నాను. "మా ఆయన చొక్కా తొడుక్కుంటాంగా అండి, చీర మీద" అంది. పొలం పనుల్లో ఆడవాళ్ళంతా చేసే పనే అది. నేను చేర్చింది రెండే: కాలర్ పైకెత్తి మెడ గుండీ పెట్టుకోవడం, తలగుడ్డ కొస మెడ మీదకి వేలాడేసుకోవడం. జుట్టు రాలిన తలకీ మందపాటి నూలు గుడ్డే.

కప్పలేని మొహానికీ చేతులకీ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయల్దేరే అరగంట ముందు. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ. రేడియేషన్ నడుస్తుండగా ఆ చోట డాక్టరుగారిని అడక్కుండా ఏదీ రాయకూడదు. ఒకవేళ కమిలితే చల్లటి నీళ్ళ గుడ్డ వేసి మాకు ఫోన్ చెయ్యండి. బొబ్బ చిదపొద్దు. పసుపు, టూత్‌పేస్టు పుయ్యొద్దు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి రావాలి.

ఆ రొయ్యల రైతు బొబ్బలు మానడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. డాక్టరుగారు ఒక విడత మాత్రలు వాయిదా వేశారు. ఆ వాయిదా ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. వేడికీ వెలుతురుకీ తేడా మొదటి రోజే విప్పి చెప్పి ఉంటే ఆ విడత ఆగేది కాదు.

ఆఖరి విడతకి ఆ రైతు ఏప్రిల్లో వచ్చారు. చేతుల మీద గీత ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. పక్క కుర్చీలో కొత్తగా చేరిన కుర్రాడికి సెలైన్ ఎక్కుతోంది. వల లాగే పనట. నేను మొదలుపెట్టేలోపే ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి గీత చూపించారు.

"ఇది వేసవిలోది కాదురా అబ్బాయ్, డిసెంబరులోది," అన్నారు.