నరసాపురపు దారము

చుట్టములను చూడబోవు స్త్రీలకు ప్రయాణమందు చేతిపని యొకటి యుండుట మేలని మా యభిప్రాయము. ఇంటిలో నున్నంతకాలము పొయ్యియు, పిల్లలును, వచ్చిపోవువారును మన దినమును ముక్కలు చేసి పంచుకొందురు. రైలుబండిలో మాత్రము ఎవ్వరును అడుగని గంటలు కొన్ని మన పాలబడును. మన సీమ వేడిమికి ఉన్నికంటె నూలుదారమే తగినది. ఒక దారపు ఉండ, ఒక కొక్కెపు సూది చాలును. సంచిలో ఒక మూలనే యిమిడిపోవును.

గడచిన మాఘమాసమున మేమును, మా పెద్దమ్మాయియు మా మేనత్తగారిని చూచుటకై రాజమహేంద్రవరమునుండి నరసాపురమునకు బయలుదేరితిమి. బండి గోదావరి వంతెన దాటి, కొవ్వూరు మీదుగా నిడదవోలు చేరి, అచ్చట పెద్దదారిని విడిచి దక్షిణమునకు మరలును. పిదప తణుకు, అత్తిలి, భీమవరము, వీరవాసరము, పాలకొల్లు. త్రోవ పొడుగునను కాలువలు, కొత్తగా దాళ్వా నాట్లు పడిన చేలు, భీమవరమునకు చేరువైనకొలది చేపల చెరువులు కనుల పండువు సేయును. పంచారామములలో భీమవరపు సోమారామమును, పాలకొల్లు క్షీరారామమును ఈ మార్గముననే యున్నవి.

నిడదవోలున బండి కదలగానే మేము లేసునకు తొలిగొలుసు ఎత్తితిమి. పాలకొల్లు చేరునప్పటికి రెండంగుళముల వెడల్పున జానెడు లేసు తయారైనది. మా అమ్మాయి దానిని జానతో కొలిచి మురిసినది. ఆ కొలత ముందు మాకు మిక్కిలి పనికివచ్చినది.

నరసాపురము వశిష్ఠ గోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువగా, రైలుదారి ముగియుచోట నున్నది. ఈ యూరికి నూలుతోడి చెలిమి నేటిది కాదు. దాపుననున్న మాధవాయపాలెమున పూర్వము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి వర్తకస్థానము ఉండెడిది. అచ్చటినుండి ఓడలెక్కిన మెత్తని నూలుగుడ్డ ఆ యూరి పేరనే, పాశ్చాత్యుల నోట 'మెడపొలాం'గా మారి, దేశదేశముల వ్యాపించినది. లేసు అల్లిక 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున ఇచ్చటికి వచ్చి, చుట్టుపట్ల పల్లెలలో ఇంటింటి పనియైనది. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

బజారున దారపు కొట్టునకు పోయితిమి. కొననెంచు సోదరీమణులకు రెండు మూడు మాటలు. అల్లిక దారమునకు సంఖ్య పెరిగినకొలది సన్నదనము పెరుగును. 20వ సంఖ్య దారము బల్లగుడ్డలకు, సంచులకు చాలును. చేతిరుమాళ్ల అంచులకు 60 మేలు. నూలును బిగలాగి పట్టి క్షారజలమున శుద్ధి చేసినదానిని మెర్సరైజ్డ్ దార మందురు. దానికి నిగనిగయు, బలిమియు, రంగును పట్టు గుణమును హెచ్చు. రంగుదారమైనచో తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడవలెను. కావలసిన ఉండలన్నియు ఒక్కమారే కొని, చీటీలమీది అద్దకపు సంఖ్య ఒక్కటే యగునట్లు చూచుకొనవలెను. లేనిచో అల్లిక నడుమ రంగు చారలు తేలును.

అదే కొట్టులో అల్లిన లేసు గజముల చొప్పున చుట్టి పెట్టియుండిరి. వెడల్పు మేము బండిలో అల్లినంతయే. ధర చెప్పగానే మా అమ్మాయి వ్రేళ్లు మడిచి లెక్కించి, "అమ్మా! గజం లేసంటే నాలుగు జానలు. నిడదవోలు నుంచి పాలకొల్లుకి నాలుగుసార్లు రావాలి కదా!" అన్నది. ఆ వెలలో దారపు ఖరీదును, కొట్టువాని లాభమును తీసివేసి చూడగా, అల్లిన చేతికి మిగులునది ఒక పూట కూరలకైనను చాలదు.

మా మేనత్తగారు ముప్పది యేండ్లు లేసు అల్లినవారు. ఏజెంటు దారము తూచి యిచ్చును, లేసు తూచి తీసికొనును. కూలి పట్టిన దారమునుబట్టి. మేనత్తగారి వంతు పువ్వులు. వానిని కూర్చి పెద్దగుడ్డగా చేయుట మరియొకరి వంతు. దానిని అతుకుపని యందురు. ఇన్ని వేల పువ్వులు అల్లిన ఆమె, తన పువ్వులు కూర్చిన బల్లగుడ్డ నొక్కదానినైనను పరచియుండగా చూచి యెరుగరు.

ఆ కూలితోనే ఆమె కుమారునికి కాలేజీ జీతము కట్టిరి. అయినను 2011లో జనాభా లెక్కలవారు వచ్చి "మీ పనేమిటమ్మా?" అని యడిగినప్పుడు, "ఏమీ లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అనిరట. "అదేమి అత్తయ్యా, లేసు మాట చెప్పలేదా?" అని మేమడుగగా, "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదాన్ని, అదీ ఒక పనేనా అమ్మాయ్!" అని నవ్విరి.

మరియా మీస్ అను జర్మను విదుషి ఈ ప్రాంతపు స్త్రీలను గూర్చి వ్రాసి, 1982లో వెలువరించిన గ్రంథమున తేల్చిన విషయమును ఇదియే. వీరిని పనివారనక గృహిణులనియు, వీరి శ్రమను తీరికవేళల వ్యాపకమనియు అందరును తలచుటచేతనే కూలి అంత తక్కువగా నిలిచినదని ఆమె నిరూపించినది. తీరిక యను నొక్క మాటతో ఎన్ని గంటల పని లెక్కలోనుండి తొలగిపోయినదో చూడుడు!

మా అమ్మాయి పువ్వు నేర్పుమని కూర్చున్నది. మేనత్తగారు శుక్లములు తీయించుకొన్న కనులకు దాపుగా దారమును పట్టుకొని నేర్పుచు, "సరదాకి అల్లుకో తల్లీ, కూటికోసం మాత్రం అల్లకు" అనిరి. ఆ మాట మా మనసున ముల్లువలె నాటుకొన్నది. ఇంత సొగసైన విద్య కూటికి చాలకపోవుట విద్య దోషము కాదు. వెల కట్టువారి దోషము. యంత్రముపై నేసిన చవుక లేసు బజారునిండ వచ్చిన యీ దినములలో చేతిపనిని ఎరిగి కొనువారే దానికి దిక్కు.

కావున సోదరీమణులారా! చేతి లేసు కొనునప్పుడు దారపు బరువును చూచి బేరమాడకుడు. అది ఎన్ని స్టేషనుల పనియో లెక్కించుడు. మీ యింట అల్లుచున్నవారు, కుట్టుచున్నవారు ఉన్నచో, జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు వారి పేరునకు ఎదుట పని లేదని వ్రాయనీయకుడు. ఆ పనికి పేరు పెట్టి చెప్పుడు.