నీటికి పల్లము తెలియని నేల

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని పెద్దలందురు. ఎంత కొంచెపు వాలైనను వెదకికొని పోవుట నీటికి సహజగుణము. కాని లోకమున కొన్ని మైదానములు కలవు. అచ్చట కురిసిన వాన ఏ దిక్కునకు పోవలెనో ఎరుగనిదానివలె వారముల తరబడి నిలిచిన చోటనే నిలిచియుండును. అట్టి నేలను పొలముగా మార్చిన రైతుల ఓర్పు కొనియాడదగినది. ఆ నీరు తుదకు ఎక్కడికి చేరినదో తెలిసికొనుట అంతకంటెను అవసరమైనది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఓహియో అను రాష్ట్రము కలదు. దాని వాయవ్య భాగమున మౌమీ అను నది ప్రవహించి, టొలీడో నగరము వద్ద ఈరీ సరస్సులో కలియును. రెండువందల ఏండ్లకు పూర్వము ఆ నది దక్షిణపు ఒడ్డు వెంట సుమారు 120 మైళ్ల పొడవున, కొన్ని చోట్ల 40 మైళ్ల వెడల్పున, ఒక మహారణ్యము వ్యాపించి యుండెను. ఎల్ము, యాష్, ఓక్, మేపుల్ వృక్షములు పగటివేళనే చీకటి కమ్మునట్లు దట్టముగా పెరిగి యుండెను. వాని మొదళ్ల చుట్టును నీరు నిలిచి యుండెను. ఆ ప్రదేశమును జనులు ‘పెద్ద నల్ల ఊబి’ అని పిలిచిరి.

ఈ ఊబి పుట్టుక మంచుతో ముడివడి యున్నది. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో సగము వరకు వేల అడుగుల మందముగల హిమరాశి ఆవరించి యుండెను. అది ఉత్తరమునుండి మెల్లమెల్లగా జరుగుచు, దారిలోని సున్నపురాళ్లను, పలకరాళ్లను తిరుగలివలె నూరి పిండిచేసెను. ఆ పిండి మీదనే తన భారము మోపి గట్టిగా అదిమెను. సుమారు 14,000 ఏండ్ల క్రిందట మంచు కరిగి వెనుకకు తగ్గినప్పుడు, ఆ నీరు పోవుటకు మార్గము లేక ఒక పెద్ద సరస్సై నిలిచెను. శాస్త్రజ్ఞులు దానికి మౌమీ సరస్సు అని పేరిడిరి. దాని అలలు అడుగునేలను రుద్ది రుద్ది చదును చేసెను. నిశ్చలమైన నీటిలో సన్నని మన్ను పొరలు పొరలుగా పేరుకొనెను. పిమ్మట ఆ సరస్సు క్రమముగా తగ్గిపోయి నేటి ఈరీ సరస్సు మిగిలెను. పాత సరస్సు అడుగు మైదానమై బయటపడెను. ఆ మైదానమున వాలు మైలుకు కొలది అడుగులు మాత్రమే.

మంచు నూరిన ఆ మన్ను జిగటమన్ను. తెలుగునాట రైతులకు చిరపరిచితమైన నల్లరేగడియు జిగటమన్నే. కాని అది ఎండకు వానకు రాళ్లు శిథిలమై ఏర్పడినది. ఇది మంచు క్రింద నలిగి ఏర్పడినది. జిగటమంటి రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటెను చిన్నది. ఇసుకరేణువుల నడుమ సందులు పెద్దవి గనుక నీరు జారిపోవును. జిగటమంటి రేణువుల నడుమ సందులు మిక్కిలి సన్ననివి గనుక వానిలో చేరిన నీరు కదలుటకే బద్ధకించును. హాయిట్‌విల్ అను గ్రామము పేరిట ప్రసిద్ధమైన అచ్చటి మంటిలో నూటికి సుమారు 40 పాళ్లు ఇట్టి రేణువులే. మన్ను సన్ననిది, నేల చదునైనది, అడుగుపొర మంచు బరువునకు గట్టిపడినది. ఈ మూడును ఒక్కచోట కలిసినప్పుడు వాననీరు పైకిని పోలేక, క్రిందికిని దిగలేక, ప్రక్కకును జరుగలేక నిలిచిపోవుటలో ఆశ్చర్యమేమి?

అట్టి నేలలో నాలుగడుగుల గొయ్యి త్రవ్వి చూచినచో మన్ను తన చరిత్రను రంగులతో చెప్పును. పై అడుగు మన్ను నల్లగా నుండును. గాలి ఆడని నీటిలో ఆకులలములు త్వరగా కుళ్లవు గనుక వేల ఏండ్ల ఆకులసారము అచ్చట నిలువ చేరినది. దాని క్రింద మన్ను బూడిద రంగులో నుండును. మంటిలోని ఇనుముకు గాలి తగిలినచో త్రుప్పువలె ఎరుపో పసుపో వచ్చును. గాలి లేనిచోట సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగిపోవు రూపమునకు మార్చివేయును. అది నీటితో జారిపోగా మన్ను వెలవెల బోవును. వేరు దూరిన సన్నని దారుల వెంట గాలి చొరబడినచోట మాత్రము త్రుప్పురంగు మచ్చలు కానవచ్చును. ఏ లోతునుండి బూడిదరంగు మొదలగుచున్నదో చూచి, ఏడాదిలో నీరు ఎంతవరకు నిలుచునో పరీక్షకులు చెప్పగలరు. నీటిని తీసివేసిన పిమ్మట నూరేండ్లు గడచినను ఆ రంగు అంతగా మాయదు. మంటికి మరపు తక్కువ.

నీరు నిలిచిన నేలలో పైరు పెరుగుట కష్టము. వేళ్లకును శ్వాస కావలెను. నీటిలో ప్రాణవాయువు గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. అందుచేత వేళ్లు ఊపిరాడక పైపొరలోనే ముడుచుకొని యుండును. వసంతకాలమున ఆ నేల ఆలస్యముగా వేడెక్కును. ఎండుమంటికంటె అంతే బరువుగల నీటిని వేడిచేయుటకు సుమారు 5 రెట్లు ఎక్కువ వేడి కావలెను గదా! విత్తనము చలిలో మొలవక కుళ్లును. దున్నుటకును అదను చిక్కదు. తడిగా నున్నప్పుడు నాగలికి బంకవలె అంటుకొనును. ఆరినచో ఇటుకలవంటి పెళ్లలు లేచును. ఈ రెంటి నడుమ పదను నిలుచుట కొలది దినములే. ఆ దినములను జారవిడిచిన రైతునకు ఆ ఏడు పంట దక్కదు.

మానవులకును ఆ నేల దారి యియ్యలేదు. 1812వ సంవత్సరమున యుద్ధసమయమున హల్ అను సేనాపతి సుమారు 2,000 మంది సైనికులతో ఆ ఊబిగుండా దారి నరికించుకొనుచు డిట్రాయిట్‌కు పోవలసివచ్చెను. తరువాత 1820 దశకమున ఊబికి అడ్డముగా 31 మైళ్ల బాట వేసిరి. అది దేశమునందెల్ల అధ్వానమైన బాట యని పేరు పొందెను. బండ్లు ఇరుసులవరకు దిగబడి, ఒక్క దినమున ఒక మైలు సాగుటయే గగనమగుచుండెను. దిగబడినవారికి ఆశ్రయమిచ్చుటకై మైలునకొక సత్రము వెలసెనని చెప్పుదురు. దోమలవలన వచ్చు చలిజ్వరము ప్రతి వేసవిని కుటుంబములను పడకలో పడవేయుచుండెను. ఆ దేశపు ఆదివాసులు ఊబి జోలికి పోక, పాత సరస్సు తీరమున మిగిలిన ఇసుక మెట్టల వెంటనే నడచెడివారు.

ఇట్టి మంటికి మందు మరియొక రాష్ట్రమున దొరికెను. ఆ హిమరాశియే న్యూయార్క్ రాష్ట్రమున సెనెకా సరస్సు చుట్టును ఇట్టి బరువైన మంటినే విడిచిపోయినది. అచ్చటికి 1821లో స్కాట్లండు నుండి జాన్ జాన్‌స్టన్ అను రైతు వచ్చి స్థిరపడెను. అతని గోధుమ చేను నీటిలో నాని చచ్చుచుండెను. 1835లో అతడు స్వదేశమునుండి మట్టిగొట్టముల నమూనాలను తెప్పించి, వానివంటి గొట్టములను కుమ్మరిచేత చేయించి, కాల్పించి, చేనిలో లోతుగా కందకములు త్రవ్వి, ఒకదాని ప్రక్క నొకటిగా పాతించెను. పొలములో కుండలు పాతిపెట్టుచున్నాడని ఇరుగుపొరుగువారు నవ్విరి. గొట్టముల అతుకులలోనుండి నీరు లోనికి దిగి కాలువలోనికి పోవ నారంభించెను. చేను కళకళలాడెను. 1851 నాటికి అతని 320 ఎకరములలో 16 మైళ్ల గొట్టములు భూమిలో నుండెను. నవ్వినవారే అతని యొద్దకు వచ్చి నేర్చుకొనిరి.

ఆ గొట్టములలో ఒక చిత్రము కలదు. అవి మంటిలోని నీటినంతయు లాగివేయవు. పెద్ద సందులలో నిలిచిన అధికజలమును మాత్రమే తీసివేయును. సన్నని సందులలోని నీరు పైరుకై మిగిలియుండును. వసంతమున నేల ఆరుటచేత వేళ్లు లోతునకు దిగును. అందుచేత వేసవిలో వాన తప్పినను పైరు త్వరగా వాడదు.

ఓహియో ఊబికి ఈ విద్య చేరుటకు ఎంతో కాలము పట్టలేదు. కాని చదునునేలలో ఒక్కని గొట్టములు చాలవు. ఒకని పొలమునీరు ప్రక్కవాని పొలముగుండా పోవలెను. కావున 1859లో ఆ రాష్ట్ర శాసనసభ ఉమ్మడి మురుగుకాలువలు త్రవ్వుకొనుటకు వీలుగా చట్టము చేసెను. ఊరూర పెంకు బట్టీలు లేచెను. ఏ జిగటమన్ను నీటిని ఆపినదో ఆ మన్నే కాలి, గొట్టమై, నీటిని పంపుటకు ఉపకరించెను! 1890 దశకమున జేమ్స్ హిల్ అను యంత్రశిల్పి ఆవిరితో నడచు కందక యంత్రమును నిర్మించెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి అరణ్యము పోయెను, ఊబి పోయెను, చలిజ్వరము తగ్గెను. సున్నపుపిండియు ఆకులసారమును కలిసిన ఆ నల్లని మన్ను మొక్కజొన్నకు, గోధుమకు, తరువాత సోయాచిక్కుడుకు అమెరికాలోని మేలైన నేలలలో నొకటి యయ్యెను.

కథ ఇచ్చటనే ముగిసినచో ఎంతయో సంతోషము. కాని 2014వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన టొలీడో నగరపాలకులు ప్రజలకొక హెచ్చరిక చేయవలసి వచ్చెను. కుళాయి నీరు త్రాగరాదు. కాచి త్రాగుటయు తగదు, కాచినచో విషము మరింత చిక్కనగును. ఈరీ సరస్సులో నీలిహరితమగు నాచు పెరిగి, దాని విషము నగరపు నీటిలో చేరినది. నాలుగు లక్షలకు పైబడిన జనులు, ఎదుట సముద్రమువంటి మంచినీటి సరస్సు నుండగా, సుమారు మూడు దినములు సీసాలనీటికై వరుసలలో నిలిచిరి.

ఆ నాచునకు ఆహారము భాస్వరము. అందులో అధికభాగము మౌమీ నది మోసికొని వచ్చినదే. పొలములలో చల్లిన ఎరువులోను, పశువుల పేడలోను ఉన్న భాస్వరము కొంత మంటిని అంటి కాలువలలోనికి కొట్టుకొనిపోవును. కొంత నీటిలో కరిగి, ఎండినప్పుడు విచ్చిన నెఱ్ఱెల వెంట దిగి, భూగర్భపు గొట్టములగుండా తిన్నగా నదికి చేరును. పూర్వము వాననీరు ఊబిలో నెలల తరబడి నిలిచెడిది. ఆ కాలమున మన్ను, వేళ్లు, సూక్ష్మజీవులు నీటిలోని పోషకములను చాలవరకు పట్టియుంచెడివి. ఊబి ఎవరికిని పనికిరాదని అందరు తలచిరి. నిజమునకది సరస్సునకు వాకిట కూర్చున్న కావలివాడు. కావలివానిని పంపివేసిన నూరేండ్లకుగాని అతడు చేయుచుండిన పని ఏదియో తెలియలేదు.

దీనికి రైతును నిందించుట న్యాయము కాదు. జ్వరముతో వణకుచు కందకము త్రవ్విన తాత తన బిడ్డల ఆకలి తీర్చెను. నేడు ఆ పొలములను మరల ఊబిగా మార్చుడనుటయు పొసగదు. కోట్లకొలది జనుల ఆహారమునకు అట్టి నేలలే ఆధారము. వలసినది నడుమ మార్గము. కొందరు రైతులు గొట్టముల చివర చిన్న తలుపులు అమర్చి, పంటలేని కాలమున నీటిని పొలములోనే నిలుపుచున్నారు. కొందరు మన్నును పరీక్షింపించి, వలసినంత ఎరువునే మంటిలోపల వేయుచున్నారు. చలికాలమున నేలను కప్పు పైరును పెంచుచున్నారు. 2019లో ఓహియో ప్రభుత్వము ఇట్టి పద్ధతులకు ధనసహాయము చేయుటకును, కొన్ని చోట్ల చిత్తడినేలలను మరల కల్పించుటకును ఒక కార్యక్రమమును ప్రారంభించెను. ఊబినంతటిని తిరిగి తేలేకున్నను, ఆ కావలివానికి సరస్సు వాకిట కొంత చోటు చూపవచ్చును.

మౌమీ మైదానము ఒకప్పుడు సరస్సు అడుగు. నేడు ఆ పొలములలో కురిసిన ప్రతి వానయు గొట్టములలో దిగి, కాలువలలో పారి, ఆ సరస్సు సంతతియైన ఈరీలోనికే చేరుచున్నది. పొలమును, నగరమును వేరువేరని తలచినది మానవుడు. నీరు అట్లు ఎన్నడును తలపలేదు. తన పొలమున నిలిచిన నీటిని దాటించుట కృషీవలునికి అవసరమే. అది దాటి ఎవరి కడవలోనికి పోవుచున్నదో కనిపెట్టి యుండుట మాత్రము అందరికిని ధర్మము.