బోస్టన్ నుండి గుంటూరుకు

రెండేళ్ళ క్రిందట, జనవరి నెలలో ఒక శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. మాది గుంటూరుకు దగ్గరి పల్లె. తమ్ముడు ఉద్యోగరీత్యా అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉంటున్నాడు. ఫోను చేసేసరికి అక్కడ ఇంకా గురువారం సాయంత్రం ఆరున్నర. చలికాలంలో మన గడియారం వారికంటే పదిన్నర గంటలు ముందుంటుంది. వాడు ఏడుస్తూ ఒకటే మాట అడిగాడు: "అక్కా, నేను వచ్చేదాకా అమ్మను ఉంచుతారా?"

బంధువులు కొందరు ఆ సాయంత్రమే సమాధి చేద్దామన్నారు. ఇంతలో టికెట్ దొరికిందని తమ్ముడు మళ్ళీ ఫోను చేశాడు. అయ్యగారు కాగితం తీసుకొని లెక్క వేశారు.

హైదరాబాదుకు, బోస్టన్‌కు మధ్య ఆకాశంలో సూటిగా కొలిస్తే దాదాపు 12,700 కిలోమీటర్లు. తమ్ముడికి దొరికింది దుబాయి మీదుగా వచ్చే మార్గం. బోస్టన్ నుండి దుబాయికి సుమారు 10,700 కిలోమీటర్లు, పన్నెండున్నర గంటలు. అక్కడ నాలుగు గంటలు ఆగాలి. దుబాయి నుండి హైదరాబాదుకు 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. ఆ తరువాత మా ఊరికి కారు ప్రయాణం. వెళ్ళేటప్పుడైతే దుబాయి నుండి బోస్టన్‌కు పద్నాలుగు గంటల దాకా పడుతుంది. పైన పడమటి నుండి తూర్పుకు బలంగా వీచే గాలి విమానానికి ఎదురు రావడమే కారణం. ఇంటికి వచ్చేవాడిని ఆ గాలే వెనుక నుండి నెడుతుంది.

"శనివారం మధ్యాహ్నానికి వస్తాడు. మొత్తం 31 గంటలు. ఆగుదాం" అన్నారు అయ్యగారు. గుంటూరు నుండి ఫ్రీజర్ పెట్టె తెప్పించాము.

ఆ రాత్రి అమ్మ ప్రక్కన కూర్చొని ఉండగా ఫాదర్ హయ్యర్ గుర్తుకు వచ్చారు. ఆయన బయలుదేరింది కూడా బోస్టన్ రేవు నుండే. 1841 అక్టోబరులో ఓడ ఎక్కి 1842 జూలై 31న గుంటూరు చేరారు. తొమ్మిది నెలలకు పైమాటే. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అంతవరకు ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిందే. భార్యను పోగొట్టుకొని, పిల్లలను అక్కడే విడిచి వచ్చిన మనిషి ఆయన. ఇంటి కబురు తెలియడానికే నెలలు పట్టే కాలమది. ఆ దూరం నేడు ఒక్క రోజుకు దిగింది.

శనివారం పన్నెండున్నరకు కారు వాకిట్లో ఆగింది. తమ్ముడు పెట్టె అద్దం మీద చెయ్యి వేసి, "ఒక్క రోజు ప్రయాణమే కదక్కా! నాలుగేళ్ళు రాలేకపోయాను" అన్నాడు.

నేను వాడిని తప్పు పట్టలేదు. సెలవు, వీసా, పిల్లల చదువులు అన్నీ నిజమైన అడ్డంకులే. పైగా తప్పు మాలోనూ ఉన్నది. అమ్మకు ఆయాసం ఎక్కువైన సంగతి "వాడికి చెప్పకండి, కంగారు పడతాడు" అని ఆమె అంటే, మేమూ దాచిపెట్టాము. చెప్పి ఉంటే క్రిస్మస్‌కు వచ్చి ఉండేవాడేమో!

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ జబ్బును బిడ్డలకు దాచకండి. దూరదేశములో ఉన్న బిడ్డలారా, ఆ లెక్క మీరూ ఒకసారి వేసుకొనండి. సమాధికి వచ్చే త్రోవ, పలకరించడానికి వచ్చే త్రోవ ఒక్కటే. పట్టే గంటలూ అవే.

పునరుత్థాన దినమున మరల కలుసుకొందుమను నిరీక్షణ మనకున్నది. ఈ లోకములో కలుసుకొనే దినములను కూడా ఆ ప్రభువే మనకిచ్చాడు.