దుఆ, దవా

ముప్పై ఏళ్లుగా మదరసాలో పాఠాలు చెబుతున్నాను. సూరె అంబియాలో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) సంతానం కోసం ప్రభువును వేడుకున్న ఘట్టం వచ్చినప్పుడల్లా సహనం గురించే వివరించేవాణ్ణి. నా పెద్ద కుమార్తెకు వివాహమై నాలుగేళ్లు గడిచినా కడుపు పండలేదు. ఆమెకూ సహనమే బోధించాను. తహజ్జుద్‌లో దుఆ చేయమన్నాను. ఎవరైనా డాక్టరు మాట ఎత్తితే, “ఇచ్చేవాడు అల్లాహ్” అని ఆ మాటను అక్కడే ఆపేసేవాణ్ణి.

ఒక రాత్రి భోజనం చేసి, బిస్మిల్లాహ్ అంటూ షుగరు మాత్ర నోట్లో వేసుకున్నాను. నా భార్య నెమ్మదిగా అడిగింది: “ఈ మాత్ర వేసుకుంటే మీ తవక్కుల్ తగ్గలేదు కదా! బిడ్డ వేసుకుంటే మాత్రం తగ్గుతుందా?”

నా వద్ద జవాబు లేదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించిన హదీసును ఎందరికో బోధించినవాణ్ణి, నా ఇంట్లోనే దాన్ని మరచాను.

దంపతులిద్దరినీ పరీక్షించాలని డాక్టరమ్మ మొదటే చెప్పారు. అల్లుడికి వీర్యపరీక్ష అనగానే వియ్యంకులవారు నొచ్చుకున్నారు. నేను వెళ్లి, “లోపం ఎక్కడుందో చూడకుండా ఆడబిడ్డ ఒక్కతినే నిందించడం న్యాయం కాదు” అన్నాను. అల్లుడు తానే ముందుకు వచ్చాడు. అతని పరీక్ష సవ్యంగా ఉంది. అమ్మాయికి పీసీఓఎస్ అని తేలింది. అండాశయంలో అండం పక్వమై విడుదల కావడం లేదు. అందుకే బహిష్టు రెండు మూడు నెలలకోసారి వచ్చేది.

చీటీలో మొదటి మందు పేరు చూసి నివ్వెరపోయాను. మెట్‌ఫార్మిన్! రోజూ నేను మింగే మాత్రే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఈ సమస్యలోనూ తరచూ ఉంటుందట.

రెండవది లెట్రోజోల్. బహిష్టు మొదలైన రెండవ రోజు నుంచి ఐదు రోజులు వేసుకోవాలి. అది రొమ్ము క్యాన్సరు మందని తెలిసి అమ్మాయి భయపడింది. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. ఆ మందు ఈస్ట్రోజెన్‌ను కొద్దిరోజులు తగ్గిస్తుంది. దానితో మెదడు నుంచి అండాశయానికి ప్రేరణ పెరిగి, అండం ఎదుగుతుంది. సంతానలేమికి దీని వాడకాన్ని మన ప్రభుత్వం 2011లో నిషేధించి, 2017లో తిరిగి అనుమతించింది. అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. అందులో పాత మందు క్లోమిఫెన్‌తో నూటికి సుమారు 19 మంది, లెట్రోజోల్‌తో సుమారు 27 మంది తల్లులయ్యారు.

ఆ లెక్క విన్నాక నా మనసు కుదుటపడింది. మేలైన మందు వాడినా నూటికి డెబ్బై మందికి పైగా ఒడి నిండలేదు. ఇచ్చేవాడు అల్లాహ్ అన్న మాట చెక్కుచెదరలేదు. దాన్ని తలుపుకు గడియగా వాడటమే నా పొరపాటు.

సోదరీమణులకు ఒక విన్నపం. ఈ మాత్రలను పక్కింటివారి చీటీ చూపి కొనకండి. గర్భం లేదని నిర్ధారించుకున్నాకే వీటిని మొదలుపెట్టాలి. ఎన్ని అండాలు ఎదుగుతున్నాయో స్కానింగులో చూసుకోవాలి. ఎక్కువ ఎదిగితే ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఒకేసారి కడుపున పడి, తల్లికీ బిడ్డలకూ ముప్పు కలగవచ్చు.

మా అమ్మాయికి మొదటి రెండు నెలలు అండం ఎదగలేదు. మోతాదు పెంచాక మూడవ నెలలో విడుదలైంది, కాని గర్భం నిలవలేదు. ఆ మాట తల్లికి ఫోనులో చెబుతూ ఏడ్చింది. పక్క గదిలో ఉన్న నేను సహనం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాను.

మరునాడు తరగతిలో అదే సూరె వచ్చింది. అల్లాహ్ హజ్రత్ జకరియ్యాకు యహ్యాను ప్రసాదించాడని చెప్పిన చోటే, ఆయన భార్యను చక్కబరిచాడన్న మాట కూడా ఉంది. గొడ్రాలిగా ఉన్న ఆమెను గర్భధారణకు యోగ్యురాలిని చేశాడని ముఫస్సిర్లు వివరించారు. ముప్పై ఏళ్లు నేను ఆ మాటను చదివి దాటిపోయాను. ఇప్పుడు నా కుమార్తె కోసం ప్రతి సజ్దాలో దాన్నే అడుగుతున్నాను. వచ్చే నెల స్కానింగుకు ఆమెను నేనే తీసుకువెళ్తాను.