నంద్యాల గవర్నరు, ఆళ్ళగడ్డ కొలిమి

గవర్నరుగారు నంద్యాలలో తూకానికి దొరికారు! కంగారు పడకండి. రాజ్‌భవన్‌లో ఉండే గవర్నరు కాదు. గ్రామఫోను పెట్టెలో పళ్లెం వేగాన్ని అదుపులో ఉంచే మూడు సీసం గుళ్ళ బుల్లి యంత్రాన్ని కూడా గవర్నరనే అంటారు. పళ్లెం జోరెక్కితే గుళ్ళు విచ్చుకుంటాయి. వాటితోపాటు జరిగిన బిళ్ల తోలుముక్కకు రాసుకుని జోరు తగ్గుతుంది. గుండొకటి ఊడిపోయిందా, ఘంటసాల గొంతయినా సరే, వణుకుతుంది.

పెట్టె ఆళ్ళగడ్డలో ఉండే మా పెదనాన్నది. కొమ్ము బయటికి కనపడని హెచ్.ఎం.వి. పోర్టబుల్. ఒకప్పుడు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టిన మనిషాయన. ఇప్పుడు ఎనభై దాటాయి, చెవులు మెల్లగా మొరాయిస్తున్నాయి. ఏదో హోటలు హాల్లో అలంకారానికి పెడతానంటూ పట్నం వ్యాపారి రెండుసార్లు వచ్చి బేరమాడి పోయాడు.

"ఉగాదిలోపల పాడితే ఇంట్లో ఉంటాది. పాడకుంటే ఇచ్చేస్తా. మూగపెట్టెను పెట్టుకోని ఏం జేసుకోవాల?" అన్నాడు పెదనాన్న. ఇక చూడండి, నాకూ మా బావకూ పరుగే పరుగు!

నంద్యాల 2022 నుంచి జిల్లా కేంద్రం. జనం నవనందులకనీ, మహానందికనీ వస్తారు. మేం దర్శించుకున్నవి మాత్రం పాతసామాన్ల అంగళ్ళు. ఒకచోట తుప్పు సైకిళ్ళ కింద చెదలు తిన్న పెట్టె కనిపించింది. మూత లేదు, చెయ్యి లేదు. లోపల గవర్నరు మాత్రం చెక్కుచెదరలేదు. అంగడాయన దాన్ని ఇనుము లెక్కన తూచి ఇచ్చాడు. (తళతళలాడే ఇత్తడి కొమ్ము పెట్టెలు చూసి మోసపోకండి. వాటిలో చాలామటుకు ఈమధ్య అతికించి అమ్ముతున్నవే!)

వాచీలు బాగుచేసే చాచా మా పెట్టె విప్పాడు. గ్రీజు బెల్లం అచ్చులా బిగుసుకుపోయింది. కిరసనాయిలులో నానబెట్టి గీకాడు. ఆ తర్వాత సౌండుబాక్సు పట్టాడు. సూది వణుకును పాటగా మార్చేది అందులోని పల్చటి అభ్రకం బిళ్ల. అభ్రకమంటే మన కాకిబంగారమే. నెల్లూరు సీమలో గూడూరు గనులు ఒకప్పుడు దానికే పేరు. బిళ్ల బాగుంది గానీ చుట్టూ ఉన్న రబ్బరు రాయైంది. చాచా కుర్రాణ్ణి సైకిలు షాపుకి పంపి వాల్వు ట్యూబు తెప్పించి, కత్తిరించి చుట్టూ బిగించాడు. నాకా పనితనం తెగ నచ్చింది.

అసలు చిక్కు స్ప్రింగుతో వచ్చింది. దాని కొక్కెం తెగిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు.

"ఆళ్ళగడ్డ పెట్టుకోని నంద్యాలలో వెదుకుతారేంది సార్? ఉలులు కాల్చేవాళ్ళు మీ ఊర్లోనే ఉండారు గదా!" అన్నాడు చాచా.

బస్సెక్కాం. నలభై కిలోమీటర్ల దారి. ఎడంచేతివైపు నల్లమల, మధ్యలో శిరివెళ్ళ. ఆళ్ళగడ్డ వచ్చిందని బోర్డు చూడక్కర్లేదు, చెవులే చెబుతాయి. రాతిమీద ఉలి చప్పుడు, కోతమిషన్ల రొద. రోడ్డు పక్కనే అర్ధం చెక్కిన వినాయకుడు, ముక్కు ఇంకా రాని నాయకుడు!

కొలిమి దగ్గరున్న అన్న స్ప్రింగును గోనెసంచిలో చుట్టి పట్టుకున్నాడు. అది జారితే చెయ్యి తెగుతుంది మరి. "ఉలికైతే గట్టిదనం గావాల. దీని కొన మాత్రం మెత్తబడాల. లేకుంటే బెజ్జం కాడ పుటుక్కుమంటాది" అన్నాడు. విరిగిన కొసను రెండంగుళాల మేర ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచకుండా బూడిదలో చల్లారనిచ్చాడు. తర్వాత బెజ్జం కొట్టి వంపు తిప్పాడు. డబ్బులడిగితే "పాడినప్పుడు పిలువు" అన్నాడు.

ఆ రాత్రే పెట్టె బిగించాం. పళ్లెం మీద కాగితం ముక్క పెట్టి, బావ గడియారం చూస్తుంటే నేను చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి 78 రావాలి. మొదట 84, మరలు తిప్పితే 75, చివరికి 78! 1953 నాటి 'దేవదాసు' రికార్డు వేశాం. సూది గరగరమంది, తర్వాత వాద్యాలు, ఆపైన ఘంటసాల. కొలిమి అన్న గడపలోనే నిలబడిపోయాడు. పెదనాన్న కొమ్ము ఉన్నవైపు మూతకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

పాట కాగానే వ్యాపారి నంబరు రాసుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న పెట్టె కాలి కింద దోపాడు.

ఉక్కు సూది ఒక వైపుకే పనికొస్తుంది, మళ్ళీ వాడితే రికార్డు గీతలు అరిగిపోతాయి. డబ్బాలో మిగిలినవి 40. ఆయన వాటిని లెక్కపెట్టి, రికార్డులన్నీ మంచంమీద పరిచి, ఏది ముందో ఏది వెనకో ఏరుతూ కూచున్నాడు.